మాస్టారి కుడికాలు

ఆ ఉదయం మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికి భార్యను కళ్లజోడు దుకాణానికి తీసుకెళ్లి, పదిన్నరకల్లా తిరిగొచ్చి, పేపరు మిగతా సగం చదవాలి. ఆయన ముప్పై రెండేళ్లపాటు ఊరికి కారు నడపడం నేర్పిన మనిషి. డ్రైవింగ్ స్కూలు మూసేసి నాలుగేళ్లయింది కానీ, నేర్పిన కారు మాత్రం ఇంటి ముందే ఉంది. పక్క సీటు ముందు తన కోసం పెట్టించుకున్న రెండో బ్రేకు పెడలూ అలాగే ఉంది. దాన్ని పీకించడానికి ఆయనకు మనసొప్పలేదు.

ఇంటి ముందు మలుపులోనే బ్రేకు తొక్కితే పెడలు దిగనంది. గోడను తొక్కినట్టుంది. ఉన్న బలమంతా పెట్టి తొక్కితే కారు ఆగింది గానీ, ఆగేలోపు ఎదురింటివాళ్ల పూలకుండీని ఓసారి పలకరించింది. కుండీ రెండు ముక్కలైంది.

"పెడలు బిగుసుకుపోయిందోయ్," అన్నారు మాస్టారు.

"పెడలా, మోకాలా?" అంది భార్య. అని ఊరుకోలేదు, అక్కడికక్కడే కూతురికి ఫోను చేసింది.

కూతురు ఫిజియోథెరపిస్టు. ఊళ్లో సగం మోకాళ్లు ఆమె చేతి మీదుగా వంగినవే. లోకంలో ఏది బిగుసుకున్నా ఆమెకు ముందు మోకాలే గుర్తొస్తుంది. పావుగంటలో వచ్చి వాలింది. తండ్రిని పక్క సీట్లో కూర్చోబెట్టి, తాను స్టీరింగు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లొచ్చింది.

"బ్రేకు వెన్నలా దిగుతోంది నాన్నా! నేను నేర్చుకున్నప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. తేడా నీ కాల్లోనే. తాళాలిటివ్వు. సాయంత్రంలోగా కారు అమ్మే ఏర్పాటు చూస్తాను."

"అమ్మడూ, నా మాట కాస్త విను..."

"ఇవాళ కుండీ. రేపు మనిషైతే?"

తాళాలు కూతురి చేతిలో పెడుతుంటే ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ కారు పోయాక తాను ఎవరికి మాస్టారు?

ఈలోగా కుండీ సంగతి తేల్చుకుందామని ఎదురింటి పళ్ల డాక్టరు వచ్చాడు. ఆయనా మాస్టారి శిష్యుడే. కోపం మరిచిపోయి, "ఏదీ, నన్ను చూడనివ్వండి," అని కూతురి దగ్గర తాళాలు తీసుకుని కారెక్కాడు. పక్కన మాస్టారు కూర్చున్నారు. పదడుగులు పోగానే డాక్టరు కళ్లు చెమ్మగిల్లాయి. "క్లచ్ వదిలెయ్యకు నాయనా, అని మీరరిచిన అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది మాస్టారూ. అదే సీటు, అదే బ్రేకు! ఎంత మెత్తగా దిగుతోందో!" తర్వాత గొంతు తగ్గించి, "పాపం, కాలే..." అన్నాడు.

ఆ 'కాలే' అన్న మాట వీధి దాటేసరికి 'కాలు పట్టేసిందట' అయింది. సెంటరు చేరేసరికి కాలు పడిపోయింది. పదకొండింటికి పాత శిష్యులు గేటు ముందు గుమిగూడారు. దర్జీ చేతికర్ర తెచ్చాడు. లెక్కల టీచరమ్మ నొప్పుల నూనె సీసా తెచ్చింది. మాస్టారు మాత్రం పట్టు వదలకుండా, "కాలు కాదు, పెడలు! కావాలంటే తొక్కి చూడండి," అని ఒక్కొక్కరినీ స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తాను పక్కన ఎక్కి తిప్పించారు. ప్రతివాళ్లూ తాము నేర్చుకున్న రోజులు తలుచుకుని మురిసిపోయారు. దిగేటప్పుడు మాత్రం ఆయన ముఖంలోకి చూడలేకపోయారు.

చివరి ఆశగా మాస్టారు మెకానిక్కును పిలిపించారు. ఒకప్పుడు ఆయన గర్వంగా చెప్పుకున్న శిష్యుడు. అతనూ మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని వీధి చుట్టి వచ్చి గేటు ముందు ఆపాడు. స్టీరింగు మీద చేతులుంచి తల దించుకున్నాడు.

"బ్రేకు బాగానే ఉంది మాస్టారూ."

మాస్టారు కుంగిపోయారు. అది చూసి భార్య గ్లాసుతో మంచినీళ్లు పట్టుకొచ్చింది. కిటికీలోంచి గ్లాసు అందిస్తూ ఎందుకో కిందికి చూసి, కేకేసింది.

"ఏవండీ! మీ కాలెక్కడుంది?"

అందరూ వంగి చూశారు. మాస్టారి కుడికాలు రెండో పెడలు మీద బలంగా బిగిసి ఉంది. స్టీరింగు ముందు ఎవరు కూర్చున్నా, ఆపాల్సిన చోటు రాగానే ఆ కాలు ముప్పై రెండేళ్ల అలవాటు కొద్దీ ఆయనకైనా చెప్పకుండా తన పని తాను కానిచ్చేస్తోంది. ఇక్కడ తొక్కితే అక్కడి పెడలు దానంతటదే దిగుతుంది. నడిపేవాళ్లకు వెన్నలాగే ఉంటుంది మరి.

"మీరోసారి దిగండి మాస్టారూ," అని మెకానిక్కు ఒక్కడే కారు కదిలించి బ్రేకు తొక్కాడు. పళ్లు బిగించాల్సి వచ్చింది. ఇంజను ఆపి, పెడలు నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే నొక్కిపెట్టి మళ్లీ ఇంజను వేశాడు.

"బాగుంటే ఇప్పుడు కాస్త కిందికి జారాలి. కదల్లేదు. ఇంజన్నుంచి బ్రేకుకి సాయం అందట్లేదు."

బానెట్ ఎత్తి రబ్బరు గొట్టం తడిమితే, మడత దగ్గర చీలిక దొరికింది. అక్కణ్ణించి గాలి సన్నగా ఈల వేస్తోంది. కొత్త గొట్టం తెప్పించి బిగించి, మళ్లీ అలాగే పరీక్షించాడు. ఈసారి పెడలు బుద్ధిగా జారింది.

"చూడమ్మా," అన్నాడు కూతురితో, "ఇంత బిగుసుకున్న బ్రేకుని పొద్దుట్నించి మనందరి తరఫునా తొక్కారు. ఆ కాలికి వచ్చిన ఢోకా ఏమీ లేదు."

కూతురు తాళాలు తెచ్చి తండ్రి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు. "తప్పయిపోయింది నాన్నా," అంది. మరుక్షణం ఆమెకేదో అనుమానం వచ్చింది. "అవునూ, నా లైసెన్సు పరీక్ష రోజు కూడా పక్కన నువ్వే ఉన్నావు కదా. ఆ బ్రేకు నేనే వేశానా?"

పళ్ల డాక్టరు ఉలిక్కిపడ్డాడు. మెకానిక్కు చేతిలో గుడ్డ కింద పడింది. మాస్టారు స్టీరింగు ముందు కూర్చుని, సరిగ్గానే ఉన్న అద్దాన్ని చాలాసేపు సరిచేసుకున్నారు.

ఆ గుంపు మొత్తంలో తన బ్రేకు తానే వేసుకుని లైసెన్సు తెచ్చుకున్నవారు మాస్టారొక్కరే.