ఉత్సాహ పరిశీలక ఉపసంఘం

ఉత్సాహం నిప్పులాంటిది, దాన్ని పెద్దవాళ్ళ చేతుల్లోనే ఉంచాలి. ఈ సత్యం తక్కిన లోకానికి ఎప్పుడు తెలిసిందో గానీ, న్యూజెర్సీలోని రారిటన్ లోయ తెలుగు సమాఖ్యకు మాత్రం 1984 ఉగాదికి కాస్త ముందు తెలిసింది. తెలిసిన వెంటనే ఉపసంఘం వేశారు. (సమాఖ్యలో సభ్యులకన్నా ఉపసంఘాలే ఎక్కువని గిట్టనివాళ్ళు అంటారు. అందులో నిజమెంతో తేల్చడానికి కూడా ఒక ఉపసంఘం పనిచేస్తోంది.)

దీనికంతటికీ కారణం రేణు. హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉన్న ఆ పిల్ల మాల్‌లో ఒక రికార్డు కొనుక్కుంది. 'వోల్టేజ్ కజిన్స్' అనే బృందం సింథసైజర్ల మీద వాయించిన ఫంక్ ఆల్బమ్ అది, పేరు 'పింక్ సర్క్యూట్'. పాటల్లో ఒక్క మాట కూడా ఉండదు. మొదటి పాట అందుకోగానే కాగిన నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపటలాడుతుంది, ఆ తర్వాత కూర్చున్నవాడు కూర్చోలేడు. రేణు కూర్చోలేదు. స్నేహితురాలు శశికళను పిలిచి, ఇంటి బేస్‌మెంట్‌లో డాన్స్ కట్టింది.

ఉగాది ఫంక్షన్‌లో ఆ డాన్స్ చేయాలని దాని ఆశ. ఆ స్టేజీ మీద ఊహ తెలిసినప్పటి నుంచీ ఆడుతూనే ఉంది, అయితే ప్రతిసారీ అమ్మ ఎంచిన పాటకి, అమ్మ కుట్టించిన పరికిణీలో. వేసవి దాటితే కాలేజీకి వెళ్ళిపోతుంది. పోయేలోగా ఒక్కసారి తనకి నచ్చిన సంగీతానికి తనకి నచ్చినట్టు ఆడి, ఆ హాలంతటినీ కుర్చీల్లోంచి లేపాలనుకుంది. పాపం, అనుమతి అడిగింది.

సమాఖ్య నియమం స్పష్టం. పాటలో మాటలుంటే అర్థం చూస్తారు. మాటలు లేకపోతే ఉద్దేశం చూస్తారు. 'పింక్ సర్క్యూట్' ఉద్దేశం తేల్చే పని ఉత్సాహ పరిశీలక ఉపసంఘానికి అప్పగించారు. కన్వీనర్ అనంతరామయ్య, కట్టడాల కింద మట్టి గట్టిదనం పరీక్షించే ఇంజనీరు. సంగీతానికి అంతకన్నా తగినవాడు ఆ చుట్టుపక్కల దొరకలేదు. సభ్యురాలు రాధారాణి. చిన్నప్పుడు వీణ మొదలుపెట్టి మానేసింది కాబట్టి నిపుణురాలు.

విచారణ అనంతరామయ్య ఇంట్లో, పెసరట్టు ఉప్మా అయ్యాక జరిగింది. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యని సోఫా మీద ఉపసంఘం కూర్చుంది.

"ఎవరూ కదలకూడదు. కదిలితే జడ్జిమెంట్ దెబ్బతింటుంది," అన్నాడు అనంతరామయ్య.

రేణు రికార్డు పెట్టింది. రాధారాణి పరామర్శకి వచ్చినదానిలా మొహం పెట్టి వింది. కాసేపటికి కన్వీనర్ గారి కుడిపాదం ఆడటం మొదలుపెట్టింది. పేరంటంలో అల్లరి చేసే ఎవరి పిల్లాడినో చూసినట్టు ఆయన దాన్ని చూశాడు. ఈలోగా ఎడమపాదం కూడా అందుకుంది. సోఫా కవరు కిర్రుకిర్రుమంటూ తాళం వేసింది.

"అంకుల్, నచ్చిందా?" రేణు ఆశగా అడిగింది.

"నచ్చడం కాదమ్మా, ఎగ్జామిన్ చేస్తున్నాం. మళ్ళీ పెట్టు."

పెట్టింది. మళ్ళీ పెట్టమన్నారు. రెండోవైపు తిప్పమన్నారు. రాధారాణి పమిటతో చెమట తుడుచుకుని, ఇంకొక్కసారి వింటే గానీ చెప్పలేనంది. ఆఖరికి కన్వీనర్ గొంతు సవరించుకున్నాడు.

"ఇందులో ఏదో ఉంది. డీప్‌గా చూడాలి. రికార్డు ఇక్కడే పెట్టి వెళ్ళమ్మా."

"బట్ అంకుల్, ప్రాక్టీస్‌కి నాకు కావాలి కదా!"

"వారంలో ఇచ్చేస్తాగా."

పెద్దవాళ్ళ వారం ఆదివారంతో మొదలవుతుంది గానీ శనివారం దాకా ఎప్పటికీ రాదు. రికార్డు తిరిగి రాలేదు. ఉపసంఘంలో ఇద్దరూ, వాళ్ళని చూసి సమాఖ్య పెద్దలూ తలా ఒక క్యాసెట్‌లోకి 'పరిశీలన ప్రతి' ఎక్కించుకున్నారు. కార్లో పరిశీలించేటప్పుడు అద్దాలు ఎత్తి ఉంచాలని కొత్త నియమం వచ్చింది, ఉత్సాహం బయటికి పొక్కకుండా. పక్క ఊరు ఐసెలిన్‌లో పప్పుల షాపు ముందు అద్దాలు బిగించిన రాధారాణి స్టేషన్ వ్యాగన్ ఆగినచోటే ఊగుతూ చాలామందికి కనిపించింది. తప్పుపట్టేవాళ్ళు లేరు. అందరూ పరిశీలనలోనే ఉన్నారు.

మాల్‌లో షాపువాడు తెప్పించింది ఆ ఒక్క కాపీనే. రేణు తల్లి దగ్గరికి వెళ్ళింది.

"మామ్, యూ ఆస్క్ హిమ్. అది నా రికార్డ్!"

"పెద్దాయన్ని ఎలా అడుగుతామే?" అంది జయంతి. "మేం ఈ దేశంలో దిగినరోజు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చి పికప్ చేసుకుంది ఆయనే."

ఆ ఒక్క పికప్‌తో ఆ కుటుంబం ఆయన కార్లోంచి ఇంకా దిగనేలేదు. రేణు, శశికళ బేస్‌మెంట్‌లో నోటితో డుక్కుడుక్కుమంటూ ప్రాక్టీస్ చేసుకున్నారు.

ఫంక్షన్ రోజు మధ్యాహ్నం రానే వచ్చింది. అద్దెకి తీసుకున్న స్కూల్ ఆడిటోరియంలో, అనుమతి వస్తుందన్న ఆశతో వెండిరంగు జాకెట్ వేసుకుని రేణు తెర పక్కన నిలబడింది. అప్పుడు ఉపసంఘం తీర్పు మైకులో వినిపించింది. సంగీతం అత్యుత్తమం. అంత ఉత్తమమైనదాన్ని పిల్లల కాళ్ళ పాలు చేయడం భావ్యం కాదు గనక, దానికి సన్మానం చేయాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు.

స్టేజీ మధ్య కుర్చీ వేశారు. కుర్చీలో రికార్డు కూర్చుంది.

"అమ్మా రేణూ, ఆ శాలువా పళ్ళెం పట్టుకో," అంది రాధారాణి.

"ఆంటీ, తర్వాత మా డాన్స్?"

"తర్వాత మీదే తల్లీ."

రేణు పళ్ళెం పట్టుకుంది. రికార్డుకి శాలువా కప్పారు, దండ వేశారు, దండలోని తడి అట్టలోకి దిగింది. అనంతరామయ్య మైకు అందుకున్నాడు.

"ఇది కొత్తదేం కాదు. మన ఆదితాళమే. మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు, వీళ్ళు కరెంట్ పెట్టారు, అంతే!"

హాలు చప్పట్లతో మారుమోగింది. అప్పటిదాకా ఆ రికార్డు విననివాళ్ళు మరీ గట్టిగా కొట్టారు. తర్వాత సభ్యులు ఒక్కొక్కరే లేచి, తమకి కలిగిన ఉత్సాహం ఎలాంటిదో కుర్చీ పట్టుకుని వివరించారు. వందన సమర్పణ సగంలో ఉండగా స్కూల్ జానిటర్ వచ్చి, టైమైపోయిందని లైట్లు ఒక్కొక్కటే ఆర్పేశాడు.

రేణుకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఖాళీ పళ్ళెంతో కన్వీనర్‌కి అడ్డంగా నిలబడింది.

"అంకుల్, ఒక్కసారి ప్లే చేస్తే అందరూ లేచి డాన్స్ చేసేవాళ్ళు!"

"అందుకే కదమ్మా ప్లే చేయలేదు," అన్నాడు ఆయన ప్రేమగా.

రికార్డు సమాఖ్య తరఫున ఆయన ఇంటి అద్దాల బీరువాలో, కొండపల్లి బొమ్మల పక్కన స్థిరపడింది. పళ్ళెం చక్కగా పట్టుకున్నందుకు రేణుకి ప్రోత్సాహక బహుమతిగా ఒక పరిశీలన ప్రతి ఇచ్చారు. ఇంటికి వెళ్ళి క్యాసెట్ పెట్టింది. మొదటి పాట లేదు. దాని మీద అనంతరామయ్య తన సన్మాన ప్రసంగాన్ని రిహార్సల్ కోసం ముందుగా రికార్డు చేసుకున్నాడు. ఆ ప్రసంగం చివర ఆయన ఈకాలం పిల్లల్లో ఉత్సాహం బొత్తిగా లేదని బాధపడ్డాడు.