పరుపు కింద దుబాయి

ఆ పొద్దున జలపతి గడ్డం గీసుకోలేదు. ఆర్టిస్టంటే కాస్త గడ్డం ఉండాలని అతని నమ్మకం. హైదరాబాదు నుంచి గ్యాలరీ మేడం అమృత కోరుట్లకు, అతని బొమ్మలు చూడటానికి వస్తోంది. నచ్చితే ఎగ్జిబిషన్. నచ్చకపోతే ఏజెంటు తెచ్చిన వీసా ఉండనే ఉంది. మళ్లీ దుబాయి గోడలకు రంగులేయడమే.

"దుబాయి ముచ్చట తియ్యకు. ఏడేండ్లు ఇంట్లనే కూసోని సాధన చేసిండని చెప్పు," అన్నాడు భార్యతో.

పద్మ చీపురు ఆపింది. "ఏడేండ్లు ఇంట్లుంటే నాకెందుకు కనవడలే?"

"సాధన గట్లనే ఉంటది. ఆ అట్టలు కాలవెట్టినవా?"

"నీళ్ల పొయ్యిల వెట్టిన," అంది పద్మ, అటు తిరిగి.

దుబాయి నుంచి పంపిన ప్రతి అట్టపెట్టెకూ లోపలివైపు అతనో బొమ్మ గీసేవాడు. మూడంతస్తుల మంచాలు, పైమంచం మీద పడుకునే రుద్రంగి ఊరి సమ్మయ్య పాదాలు, మాడిపోయిన తన వంట. ఫోన్లో "మంచిగున్న" అనేవాడు కానీ, అట్ట మీద అబద్ధం గీయడం చేతకాలేదు. కూలికి పోయినవాడని తెలిస్తే ఆర్టిస్టుగా లెక్కచేయరని ఇప్పుడతని భయం.

అమృత వచ్చి నల్లటి కాన్వాసుల ముందు నిలబడింది.

"ఇది శూన్యం ఒకటి. అది శూన్యం రెండు," అన్నాడు జలపతి.

"శూన్యం మా బియ్యం డబ్బాల గూడ ఉంటుండె మేడం. గింత నల్లగ లేకుండె," అంది పద్మ, నీళ్లు అందిస్తూ.

అమృత నవ్వాపుకుంది. "ఇంతకుముందు ఏం చేసేవారు?"

"సాధన."

"ఎక్కడ?"

జలపతి పద్మ వైపు చూశాడు. పద్మ మేడంను పడకగదిలోకి తీసుకెళ్లి పరుపు ఎత్తింది. కింద వరసగా అట్టలు. పరుపు గట్టిగా ఉందని జలపతి రోజూ గొణుగుతున్నది వీటి మీద పడుకునే.

అమృత ఒక్కో అట్టా చూస్తూ సమ్మయ్య పాదాల బొమ్మ దగ్గర ఆగిపోయింది. "ఈయన ఇప్పుడు ఎక్కడున్నారు?"

"ఆడనే చచ్చిపోయిండు మేడం. పెట్టెల ఇంటికచ్చిండు," అన్నాడు జలపతి. మేడం వచ్చినప్పటి నుంచి అతను గొంతు మార్చకుండా మాట్లాడిన మొదటి మాట అదే.

అట్టలన్నీ చూశాక అమృత అంది: "ఎగ్జిబిషన్ వీటితోనే. ఇలాంటివి ఇంకో పది గీయండి."

ఆమె కారు వెళ్లాక జలపతి మంచం అంచున కూర్చున్నాడు. "కాలవెట్టిన అని అబద్ధమాడినవ్."

"నువ్వు ఫోన్ల ఆడినన్ని ఆడలే."

అతను ఒక అట్ట చేతిలోకి తీసుకున్నాడు. "గివి దూరమున్నప్పుడే వచ్చినయి. ఇంకో పది అంటే, మల్ల దూరం పోవాల్నేమో."

"యాడికి పోతవ్? గీ అర్రలనే కూసో. దూరమున్నవనే అనుకుంట. పూటకింత అన్నం కిటికీల నుంచి అందిస్త."

అతను నవ్వేలోపు బయట గొళ్లెం పడింది.