వీధి ఇచ్చిన కాండక్టు సర్టిఫికెట్టు

"ఈ దేశంలో ఇంజనీర్లు ఎక్కువైపోయారు, పని తెలిసినవాళ్లు కరువైపోయారు!"

ప్రధానోపాధ్యాయులు క్రీస్తురాజు గారు మైకు పట్టుకుని ఈ మాట అన్నారంటే, ఆ ఏడాది పరీక్షా ఫలితాలు వచ్చేశాయని ఇందుకూరుపేట మండలం మొత్తానికి తెలిసిపోయేది. ఐటీఐ అనండి, పాలిటెక్నిక్ అనండి, నర్సింగు, వెల్డింగు, ఏసీల రిపేరు, ఓడరేవులో యంత్రాలు నడిపే శిక్షణ, ఏదైనా సరే ఆయన నోట పడితే దానికి ఎక్కడలేని వైభవం వచ్చేది. వినేవాళ్లకు తామెందుకు అనవసరంగా డిగ్రీలు చదివామా అని దిగులు పుట్టేది. అధికారులు శాలువాలు కప్పేవారు. ఆ శాలువాలు ఇంట్లో టీవీకీ, మిక్సీకీ, కుర్చీలకూ కప్పగా ఇంకా మిగిలిపోతుంటే ఆయన భార్య ఎస్తేరమ్మ చుట్టాలకు పెట్టి పంపేది.

ఎదురింటి చెంచమ్మ కొడుకు శివశంకర్ ఆయన మాట విని ఐటీఐలో చేరి, థర్మల్ ప్లాంటులో ఫిట్టరయ్యాడు. అప్పటినుంచీ ప్రతి సభలోనూ శివశంకర్ ప్రస్తావన వచ్చేది. చెంచమ్మ చేపల బుట్ట పక్కన పెట్టుకుని ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టేది.

ఒక ఏడాది ఆ ముందు వరుసలోనే క్రీస్తురాజు గారి కూతురు షారన్ కూడా కూర్చుంది. అప్పుడే ఇంటర్ పాసయింది. తండ్రి ఉపన్యాసం చివరిదాకా శ్రద్ధగా విన్నది. కన్నతండ్రి మాట పిల్లలు వినాలని కోరుకునేవాళ్లు ఎంత ప్రమాదంలో ఉంటారో ఆయనకు ఆ సాయంత్రం తెలిసింది.

"నాన్నా, కృష్ణపట్నంలో క్రేన్ ఆపరేటర్ శిక్షణ ఇస్తా ఉండారంట. నేను చేరతా" అన్నది.

క్రీస్తురాజు గారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. కూతురు ఎగతాళి చేస్తోందేమోనని మొహంలోకి చూశారు. చేయడం లేదు.

"అది పిలకాయలకు చెప్పిన మాటమ్మా" అన్నారు.

"నేను పిలకాయని కాదా?"

"నువ్వు నా పిలకాయవి."

ఈ తేడా ఆ పిల్లకు ఎంత చెప్పినా బుర్రకెక్కలేదు. ఆయన బీటెక్ గొప్పదనం గురించి మొదలుపెట్టారు గానీ, ఆ సబ్జెక్టులో అభ్యాసం లేక నాలుగు మాటలకే తడబడ్డారు. చివరికి షారన్, వచ్చే సభలో తను లేచి మైకులోనే ఈ సందేహం అడుగుతానని నెమ్మదిగా చెప్పింది. అంతే, అనుమతి మంజూరైంది! షరతు ఒక్కటే. వీధిలో ఎవరికీ తెలియకూడదు. అడిగినవాళ్లకు షారన్ నెల్లూరులో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతోంది. ఏ బ్రాంచి అంటే మెకానికల్. క్రేన్ కూడా యంత్రమే గనుక ఇందులో అబద్ధం సగమేనని క్రీస్తురాజు గారు లెక్క వేసుకున్నారు. ఆ మిగిలిన సగానికి ఆదివారం చర్చిలో క్షమాపణ అడిగి, సోమవారం మళ్లీ మొదలుపెట్టేవారు.

వీధికి పట్టరాని సంతోషమైంది. మన వీధికి ఇంజనీరమ్మ వస్తోందని అందరూ కలిసి బస్టాపులో ఫ్లెక్సీ కట్టించారు. షారన్ ఫొటోకు తలమీద పట్టభద్రుల టోపీ అతికించారు. కింద శుభాకాంక్షలు తెలిపేవారి వరుసలో చెంచమ్మ, దర్జీపని చేసే సుల్తాన్‌బీ, బిట్రగుంటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన కామాక్షయ్య నవ్వుతూ ఉన్నారు. క్రీస్తురాజు గారు వద్దని అనబోయి, ఫ్లెక్సీలో తన పేరు పక్కన 'విద్యావేత్త' అని ఉండటం చూసి ఊరుకున్నారు.

షారన్ సెలవులకు వచ్చినప్పుడల్లా చేతులకు గ్రీజు మరకలుండేవి. ఎస్తేరమ్మ వాటిమీద గోరింటాకు పెట్టేది. ఆ పిల్లకు గోరింటాకంటే ఎంత ఇష్టమోనని వీధి ఆడవాళ్లు మురిసిపోయేవారు.

ఇలా రెండేళ్లు గడిచాయి. షారన్ శిక్షణ పూర్తిచేసి, పరీక్ష నెగ్గి, పోర్టులో పని సంపాదించుకుంది. ఆకాశంలో గూడులాంటి క్యాబిన్‌లో కూర్చుని కంటైనర్లు ఎత్తి దించే పని. ఇక మిగిలింది లోపలికి వెళ్లడానికి పాసు. దానికి ముందు పోలీసు విచారణ జరగాలి. విచారణకు హెడ్ కానిస్టేబుల్ హజరత్తయ్య వచ్చాడు. ఎండాకాలమని యూనిఫారం వేసుకోకుండా ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. ఇంటికి తాళం వేసి ఉంది. ఎదురుగా చేపలు శుభ్రం చేస్తున్న చెంచమ్మను, క్రీస్తురాజు గారి అమ్మాయి ఎట్లాంటిదని అడిగాడు.

మన వైపు వీధిలోకి ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్తమనిషి వచ్చి, పెళ్లీడు పిల్ల ఎట్లాంటిదని అడిగితే దానికి ఒకటే అర్థం. పెళ్లికొడుకు తరఫువాళ్లు వాకబుకు వచ్చారు! అప్పుడు వీధికి ఒక ధర్మం ఉంటుంది. నిన్నటిదాకా ఎన్ని తగాదాలున్నా, ఆ పూటకు మన వీధి పిల్లలో ఒక్క లోపమైనా కనపడకూడదు.

"బంగారం లాంటి పిల్లయ్యా" అన్నది చెంచమ్మ. గడప దాటదనీ, నలుగురు మగవాళ్లున్న చోటికి అసలే పోదనీ చెప్పింది. కేకేస్తే సుల్తాన్‌బీ కూడా వచ్చింది. ఆమె వచ్చీ రాగానే బీటెక్ సంగతి ఎత్తి, ఆ పిల్ల చేతులు ఎంత సున్నితమంటే కుట్టుమిషను చక్రం కూడా తిప్పలేదని ప్రమాణం చేసింది. కామాక్షయ్య పెద్దమనిషి గనుక ఇంకో మెట్టు పైకి వెళ్లాడు. భయభక్తులు గల పిల్ల అని చెప్పాలనుకుని, భయానికి ఉదాహరణ వెతుక్కుని, ఎత్తంటే ఆ పిల్లకు కళ్లు తిరుగుతాయనీ, మేడమీద బట్టలు ఆరేయడానికి కూడా తల్లే ఎక్కుతుందనీ చెప్పాడు.

హజరత్తయ్య రాసుకుంటూ రాసుకుంటూ ఆగాడు. మరి పోర్టులో క్రేన్ నడుపుతుందని విన్నానే అన్నాడు.

వీధి భగ్గుమంది. ఇదెవరో గిట్టనివాళ్లు సంబంధం చెడగొట్టడానికి పుట్టించిన పుకారని ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చారు. నమ్మకం కలగడానికి బస్టాపు దాకా తీసుకెళ్లి, వెలిసిపోయిన ఫ్లెక్సీ చూపించారు. టీ ఇప్పించారు. హజరత్తయ్య ఫ్లెక్సీ ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం క్రీస్తురాజు గారు బడి నుంచి రాగానే సంబంధం కుదిరినట్టేనని వీధంతా వచ్చి చెప్పింది. వచ్చినవాడెవడో ఆయనకు అర్థమయ్యేలోపే, అప్పుడే ఇల్లు చేరిన షారన్ ఫోను మోగింది. పాసు ఆపేశారు. అభ్యర్థిని వేరేచోట బీటెక్ చదువుతున్నట్టు ఇరుగుపొరుగు చెప్పారట, గనుక శిక్షణ సర్టిఫికెట్టు మీద అనుమానమట. పైగా ఎత్తంటే భయమట. సోమవారం లోపల సంగతి తేలకపోతే ఆ చోటు వెనకున్నవాళ్లకు పోతుంది.

షారన్ ఏడవలేదు. తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"రెండేళ్లు ఎండలో నేర్చుకున్నా నాన్నా. ఆ పని నాది కాదంటా ఉంది మీ వీధి. నువ్వు చెప్పిందే గదా వాళ్లు చెప్పినారు."

క్రీస్తురాజు గారికి తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లవారి స్టేషనుకు పరుగెత్తారు. హజరత్తయ్య మంచివాడే. మళ్లీ విచారణ పెట్టుకోవచ్చన్నాడు. కాకపోతే మొదట అబద్ధం చెప్పిన ఇరుగుపొరుగే ఇప్పుడు నిజం చెప్పి సంతకం పెట్టాలన్నాడు. శనివారం వస్తానన్నాడు.

వీధిని ముందే సిద్ధం చేద్దామని క్రీస్తురాజు గారు కామాక్షయ్యను పక్కకు పిలిచి, షారన్ బీటెక్ చదవడం లేదని చెవిలో చెప్పారు. కామాక్షయ్య అర్థమైనట్టు తలాడించాడు.

"ఆ సంబంధం మీకు నచ్చలా. అంతే గదా సార్. మళ్లా వస్తే పిల్లకి పొగరని చెప్పి పంపిస్తాం."

కాదు మహాప్రభో అని ఈయన మొత్తుకుంటే, ఆయన భుజం తట్టి ధైర్యం చెప్పి వెళ్లాడు. అబద్ధాన్ని వీధి ఒక్క పూటలో నమ్మింది. నిజాన్ని నమ్మించడం క్రీస్తురాజు గారి వల్ల కాలేదు.

శనివారం హజరత్తయ్య యూనిఫారంలో వచ్చాడు. వీధి బిక్కచచ్చిపోయి చెంచమ్మ అరుగు చుట్టూ చేరింది. క్రీస్తురాజు గారు గొంతు సవరించుకుని ఏదో గొణిగారు.

"గట్టిగా చెప్పండి సార్. వాళ్లకి వినపడాల" అన్నాడు హజరత్తయ్య.

వేలమంది ముందు మైకు లేకుండా మాట్లాడిన మనిషి! పది అడుగుల దూరంలో ఉన్న నలుగురికి వినిపించలేకపోయారు. కూతురు వంక చూశారు. షారన్ సాయం రాలేదు. చివరికి నేలకేసి చూస్తూ, మా అమ్మాయి బీటెక్ కాదు, పోర్టులో శిక్షణ పొందిన క్రేన్ ఆపరేటర్, దాచింది నేనే అని చెప్పేశారు.

ఆయన అవస్థ చూసి హజరత్తయ్యకు జాలేసింది.

"దీంట్లో ఏముంది సార్. మా వాడు ఐటీఐలోనే ఉండాడు. మా వీధిలో మేమూ బీటెక్కనే చెప్పుకున్నాం. మనబోటి వాళ్లకి తప్పుతుందా?" అని ఓదార్చాడు.

చెంచమ్మ చేతులు కడుక్కుని చెంగుకు తుడుచుకుంది.

"మనబోటి వాళ్లంటే ఎవురయ్యా?" అని అడిగింది.

హజరత్తయ్య కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఆమె క్రీస్తురాజు గారి వైపు తిరిగింది.

"మా శంకరు ఐటీఐకి పోనని ఏడిస్తే, మీరు ఈ అరుగు మీదే కూచోని, దీంట్లో సిగ్గేముందమ్మా, ఇంతకన్నా గౌరవమైన చదువు లేదంటిరి. నేను నమ్మినా. నా బిడ్డకి లేని సిగ్గు మీ బిడ్డకాడికి వచ్చేలకి యాడనుంచి వచ్చింది సార్?"

క్రీస్తురాజు గారి మొహం ఎర్రబడింది. జవాబు చెప్పి తీరాలని ఒక అడుగు ముందుకు వేశారు. గొంతు దానంతటదే పెద్దదైంది.

"చూడు చెంచమ్మా, మన సమాజంలో శ్రమ అనేది..."

"ఉపన్యాసం వద్దులే సార్" అన్నది చెంచమ్మ. "పెన్నియ్యండి. పాప పనికి పోవాల."