దయ్యం అడగకూడని మాట

మన దర్శకుడు ఒక దయ్యం సినిమా పూర్తి చేశాడని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. తాను అద్దెకున్న ఇల్లే దయ్యాల కొంప. పక్కింటివాళ్ళే నటవర్గం. దయ్యం వేషం అతని వదినగారు కట్టారు. ఆవిడ బడిలో లెక్కల టీచరు కాబట్టి మేకప్ పెద్దగా అవసరపడలేదు.

కథ చిన్నది. పట్టపగలు నడివీధిలో హత్యకు గురైన ఒకావిడ దయ్యమై తిరిగొచ్చి, ఇంటింటి తలుపూ తట్టి, "నన్ను పొడుస్తుంటే చూశారా?" అని అడుగుతుంది. అందరూ లేదంటారు. చివరికి ఆవిడ తెరలోంచి ప్రేక్షకుల వైపు తిరిగి, "మీరు?" అంటుంది.

ఆ ఒక్క మాట కోసమే సినిమా తీశాడు దర్శకుడు. ఇంతకుముందు అతని అన్నయ్యను జనం కిటకిటలాడే కూడలిలో లారీ గుద్ది చంపింది. చూసినవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. సరిగ్గా ఆ క్షణాన అక్కడివారందరికీ ఆకాశం వైపు పని పడిందని దర్యాప్తులో తేలింది.

సినిమా తీయడం ఎంతసేపు? ఆడించడమే బ్రహ్మవిద్య. దర్శకుడు ముందుగా పంపిణీదారు దగ్గరికి వెళ్ళాడు. కళాహృదయుడైన ఆ పెద్దమనిషి సినిమాను ఫోన్లో, భోజనం చేస్తూ, శబ్దం ఆపి చూశాడు.

"దయ్యం బాగుందండీ. రక్తం తాగదేం?"

"న్యాయం అడుగుతుందండీ."

"అదే వద్దనేది. రక్తమైతే పిల్లాపాపలతో వస్తారు. న్యాయానికెవరొస్తారు?"

ఇంటింటికీ ఫోన్లలో సినిమాలు చేరవేసే సంస్థలో ఓ అధికారిణి మరింత శాస్త్రీయంగా సెలవిచ్చింది. ప్రేక్షకులు దయ్యాన్ని భరిస్తారట, ప్రశ్న రాగానే వేలితో ముందుకు తోసేస్తారట. దయ్యం చేత ఒక పాటకు నాట్యం చేయిస్తే పరిశీలిస్తామంది.

చిట్టచివరికి ఒక థియేటరు యజమాని జాలిపడి ఉదయం ఆట ఒకటి ఇచ్చాడు. దర్శకుడు వెనక వరసలో కూర్చున్నాడు. కత్తిపోటు దగ్గర జనం పాప్‌కార్న్ నమిలారు. శవం లేచిన చోట ఆవలించారు. వదినగారు "మీరు?" అనగానే హాలు మొత్తం తల వంచేసింది. ఒకాయన కుర్చీ కింద చెప్పులు వెతుక్కున్నాడు. ఒకావిడకు నిద్రపోతున్న పిల్లను జోకొట్టాలని గుర్తొచ్చింది. అంతటి భక్తిభావం ఆ హాల్లో మునుపెన్నడూ కనబడలేదు.

"చూశారా, భయపడ్డారు," అన్నాడు దర్శకుడు బయటికొచ్చి.

"భయపడ్డానికి టికెట్ కొంటారు బాబూ. సాక్ష్యం చెప్పడానిక్కూడా కొంటారా?" అన్నాడు యజమాని. మధ్యాహ్నం ఆటకు వేరే సినిమా వేశాడు.

ఇంటికెళ్ళేసరికి వదినగారు పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. దర్శకుడు నసిగాడు. "ఆ మాట ఒక్కటీ తీసేస్తే అందరూ ఆడిస్తారట వదినా."

"తీసెయ్యి."

"నీకు బాధగా ఉండదా?"

"అప్పుడు చూసినవాళ్ళు మాట మింగేశారు, ఇప్పుడు నువ్వు మింగుతావు. నాకేం కొత్త కాదుగా నాన్నా," అని ఆవిడ ఇంకో పేపరు తీసుకున్నారు. దర్శకుడికి ఆ ముఖం చూసే ధైర్యం చాలక కిటికీలోంచి ఆకాశం చూశాడు.

మాట తీసేశారు. ఇప్పుడు వదినగారి పెదవులు మాత్రం కదులుతాయి, ఆ చోట డప్పులు మోగుతాయి. జుట్టు విరబోసుకున్న వేరొక అమ్మాయి రక్తం తాగి, ఒక పాటకు నాట్యమూ చేసింది. సినిమా ఊరూరా ఆడింది. విజయోత్సవ సభలో పంపిణీదారు ఉద్వేగంతో మాట్లాడాడు. "ఇది బాధ్యత తెలిసిన దయ్యం. ఎవరినీ ఇబ్బంది పెట్టదు. ఇలాంటి దయ్యాలు ఇంటికొకటి ఉండాలి." సభ కరతాళ ధ్వనులతో మారుమోగింది. దర్శకుడికి శాలువా కప్పారు. వదినగారికి బడి ఉండి రాలేదు.

మీరూ ఆ సినిమా చూసే ఉంటారు. చూడలేదా? మంచిది. ఎవరడిగినా అలాగే చెప్పండి.