మూలకుళపు గేరుపెట్టె సంగ్రామము

ప్రాక్సముద్రతరంగఘోషనిత్యముఖరితమును, లవణమారుతస్పర్శచే ఇనుపగేట్లన్నియు తుప్పుపట్టునదియు, ఎర్రటోపీ పోలీసుల ఈలలకు సైతము లొంగని స్కూటరువాహినులతో కిటకిటలాడునదియునగు పుదుచ్చేరి పట్టణమున, రెండువేల ఆరవ సంవత్సరపు శరత్కాలమున, ఆయుధపూజనాటి ఉదయమున, వీధివీధినా బొరుగులు బెల్లముల పరిమళము వ్యాపించుచుండగా, మూలకుళమునందు సంభవించిన మహాసంగ్రామము ఇట్టిది. సావధానులై వినుడు. నడుమ కాఫీకని లేచిపోవలదు.

సంగ్రామమునకు మూలము ఒక కారు. బియ్యపుమండీసార్వభౌముడును, లంబోదరుడును, ఫ్యాంటుపట్టీతో నిత్యము పెనుగులాడువాడునైన ఎం. దొరైస్వామికి తండ్రివలన సంక్రమించిన ఫ్రెంచిదేశపు రథరాజమది. “ఓడ దిగినట్టే ఉండాది, ఒక మరగూడా మార్చలే” అని ఆ తండ్రి బ్రతికినన్నాళ్లు పలికెను. ఇప్పుడాయన లేడు, మాట మిగిలినది. రాబోవు ఆదివారము సముద్రపు రోడ్డున పాతకార్ల ఊరేగింపు. అసలు భాగములు చెక్కుచెదరని కార్లకు ముందువరుస, భాగములు మార్చిన కార్లకు ఐస్‌క్రీము బండ్ల వెనుక చోటు.

అట్టి తరుణమున లాస్‌పేటనుండి వేంచేసెను జయరామన్. దొరైస్వామికి అక్కమగడు, కార్లను గూర్చి తనకు తెలియనిది లేదని తానే చెప్పుకొను పండితుడు. షెడ్డు వాకిట నిలిచి, కారు కంపెనీవారు అచ్చువేసిన ఒక పాత పుస్తకమును గదవలె ఎత్తి, సింహనాదము చేసెను.

“ఇదో చూడు దొరై! ఈ కారుకి కంపెనీవాడు ఇచ్చింది నాలుగు గేర్లు. మీదాంట్లో మూడే ఉండాయి. మామ యాడనో పాత గేరుపెట్టె తెచ్చి తగిలిచ్చినాడు, కండిప్పా, అనుమానమే లే! నువ్వు ఐస్‌క్రీము బండ్ల కాడికి పో.”

“ఓయీ భగినీవల్లభా! సత్యసంధుడైన మజ్జనకుని నిందించు నీ జిహ్వను ఈ స్పానరుతో బిగించివైచెద!” అని దొరైస్వామి గర్జింపనెంచెను. నోట వెడలినది మాత్రము ఇంతే: “ఏంది బావా, పండగపూట.”

ఏలయనగా కారులో నిజముగానే మూడు గేర్లుండెను. తండ్రి నేర్పినవి మూడే, తానెరిగినవి మూడే. క్షణకాలము అతని గుండె తండ్రిని శంకించెను.

తీర్పు చెప్పగలవి రెండే రేకులు. ఇంజను వెనుకగోడకు బిగించిన రేకుపై కారు నంబరుండును, దాని చివరి అంకె గేర్ల లెక్క. గేరుపెట్టె అడుగున మరియొక రేకు. రెండు నంబర్లును ఒకటైనచో పెట్టె అసలుది.

అయ్యో, ఆ మొదటి రేకు! దానినే కారు నొసలుగా భావించి, దొరైస్వామి తల్లి రంగమ్మాళ్ ఏటేటా ఆయుధపూజకు చందనము పూసి, కుంకుమ దిద్ది, పాతబొట్టుపై కొత్తబొట్టు పెట్టుచు వచ్చెను. పొరపై పొర పేరుకొని రేకు వడియమువలె ఉబ్బినది. అంకె అన్నది మచ్చుకైనను కానరాదు. దొరైస్వామి కిరసనాయిలు గుడ్డ ధరించి, స్క్రూడ్రైవరాయుధపాణియై దుమికెను.

“డేయ్!” అను పిడుగు వెనుకనుండి పడెను. రంగమ్మాళ్! “పండగనాడు కారు బొట్టు గీకుతావా? చెయ్యి తియ్!”

వీరుడు మూడడుగులు వెనుకంజవేసెను. జయరామన్ పకపక నవ్వెను.

“అమ్మా, చూడకుంటే నాయన మాట పోతాది” అని దొరైస్వామి చిన్నగొంతుతో అనెను.

ఆమె లోపలికేగి, నానబెట్టిన చింతపండు గిన్నెతో మరలివచ్చెను. “కొత్త బొట్టు పెట్టాలంటే పాతది కడగాల గదా. తప్పుకో.”

ఇత్తడికుంది తోమినట్లు తోమెను. చందనదుర్గములు కూలెను, కుంకుమప్రాకారములు కరిగెను, ఎర్రని ధారలు ఇంజనుపై ప్రవహించెను. ఒక్కొక్క అంకెయే తలయెత్తెను. చిట్టచివర, నాలుగు!

“నాలుగు! చెప్పలా?” అని జయరామన్ పుస్తకమును గాలిలో ఎగురవేసెను. “ఉండాల్సింది నాలుగు, ఉండేది మూడు. పెట్టె మార్చినారు!”

దొరైస్వామి టార్చి చేతబట్టి, పాతాళమునకు దిగు సాహసికునివలె కారు క్రిందికి ప్రాకెను. ఉదరము దారిలో చిక్కుకొనెను. ఊపిరి బిగబట్టి, నూనెమడ్డి నోటబడుచున్నను లెక్కింపక, రెండవ రేకును చొక్కాతో తుడిచి చదివెను. “అదే నంబరమ్మా! నాలుగే! పెట్టె మారలే!”

“అట్లయితే నాలుగో గేరు యాడరా?” అని జయరామన్ వంగి అడిగెను.

రంగమ్మాళ్ కొత్తబొట్టు దిద్దుచు, ఎవరో అక్కరలేని సంగతి అడిగినట్లు చెప్పెను. “ఉండాదిరా. పెండ్లైన కొత్తలో మీ నాయన చూపిచ్చినాడు. గేరు కడ్డీని లోపలికి నొక్కి కిందికి లాగాల. ‘అది వూరు దాటేదానికి, రంగమ్మా, మనం యాడికి పోతాం’ అన్నాడు. మండీ, ఇల్లు, కోవిల. మూడు చాల్లేదా?”

కారు క్రిందనున్నవాని కన్నులు చెమర్చెను. నాయనను శంకించితినే అని సిగ్గుపడెను.

పిదప చక్రముల క్రింద నిమ్మకాయలు చితికెను. ముందుసీటున రంగమ్మాళ్, వెనుకసీటున పుస్తకము ఒడిలో పెట్టుకొని జయరామన్ ఆసీనులైరి. ఊరు దాటించు విల్లియనూరు రోడ్డున మొదటి గేరు పడెను, రెండవది పడెను, మూడవది పడెను. దొరైస్వామి తండ్రిని తలచి కడ్డీని నొక్కి లాగెను. ఏండ్లుగా కదలని ఇనుము మూలిగి, గొణిగి, సరియని ఒప్పుకొనెను. ఇంజను రొద తగ్గెను. కారు తేలిపోసాగెను.

“బాగుండాదే” అనెను రంగమ్మాళ్, కొంగు గాలికెగురగా. “సుమ్మా, ఊరికే ఇంకొంచం దూరం పోనీరా.”

జయము! జయము! మూలకుళవంశవర్ధనుడు దొరైస్వామి తండ్రిమాటను నిలిపి, ఐస్‌క్రీము బండ్లను జయించి, వాహనము ఓడ దిగిన పిదప ఎవ్వరును వాడని నాలుగవ గేరును సాధించి, మేకలమంద అడ్డము వచ్చునంతవరకు అందులోనే నడపెను. మేకలను తోలుటకు దిగినవాడు జయరామన్.