పెర్ల్ రివర్‌లో మద్రాసు స్పెషలిస్టు

ఆ ఆదివారం పొద్దున హనుమయ్య పళ్ళు తోముకుంటూ ఒక నిర్ణయానికి వచ్చాడు. సాయంత్రం భార్యను బందరు రోడ్డులో కొత్తగా పెట్టిన చైనా హోటలుకు తీసుకువెళ్ళాలి. ఇద్దరే వెళ్ళాలి.

వినడానికి ఇదేమంత ఘనకార్యంలా ఉండదు. కాని హనుమయ్యకు పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో అతనూ రామతులసీ కొండకు వెళ్ళారు, సినిమాలకు వెళ్ళారు, ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళన్నిటికీ వెళ్ళారు. ఎక్కడికి వెళ్ళినా కూడా అరడజను మంది ఉండేవారు. సినిమా హాల్లో ఆ చివరి కుర్చీలో ఆమె, ఈ చివరి కుర్చీలో ఇతను, మధ్యలో బంధువర్గం. సినిమా ఎలా ఉందని అతను భార్యను అడిగేసరికి ఇల్లు వచ్చేది.

హనుమయ్యకు ఆటోనగర్‌లో లారీల అడుగున కుదుపు ఆపే కమాను కట్టలు బిగించే షెడ్డుంది, పటమటలో సొంత ఇల్లుంది, ఇంట్లో తల్లి పద్మావతమ్మ ఉంది. ఆవిడ గయ్యాళి కాదు. కోడలిని పల్లెత్తు మాట అని ఎరగదు. కాకపోతే ఎవరు గడప దాటుతున్నా ఎక్కడికని, ఎందుకని, ఎప్పుడొస్తారని అడుగుతుంది. జవాబులు తృప్తిగా ఉంటే సరే, లేకపోతే ప్రయాణం ఆగిపోతుంది. ఇంట్లో వంట ఉండగా మనిషి బయట భోంచేసేది రెండే సందర్భాల్లోనని ఆవిడ నమ్మకం. ఒకటి రైలు తప్పిపోయినప్పుడు, రెండోది ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు. పైగా ఇది చైనా హోటలు. అక్కడ పాముల పులుసు, కప్పల వేపుడు పెడతారని వీధి వీధంతా చెప్పుకుంటున్నారు.

హోటలు పేరు పెర్ల్ రివర్. ఎర్ర కాగితం లాంతర్లు, అద్దాల తలుపు, లోపల ఏర్ కండిషను. తలుపు మీద చైనా అక్షరాలు. నెల రోజుల కింద సిటీ బస్సులో ఆ దారిన వస్తూ రామతులసి కిటికీలోంచి చూసి, "లోపల ఎట్లా ఉంటుందో" అంది. అంతే అంది. ఆమె నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు కనుక ఆ మాట హనుమయ్యకు మేకులా దిగబడిపోయింది. ఇప్పుడు పిల్లలిద్దరూ వేసవి సెలవులకు అవనిగడ్డలో అమ్మమ్మ దగ్గరున్నారు. ఇంతకంటే మంచి అదను మళ్ళీ దొరకదు.

బావి దగ్గర భార్య చెవిలో సంగతి వేశాడు. ఆమె చేతిలో చేద జారి బావిలో పడింది. అది పైకి తీసే మిషమీద ఇద్దరూ ఇంకాసేపు మాట్లాడుకున్నారు.

"అత్తయ్యకు ఏం చెప్తారండీ?" అంది రామతులసి.

"నేను చూసుకుంటాగా," అన్నాడు హనుమయ్య.

అలా అని అతను పూనుకున్న పనులు షెడ్డులో బాగానే జరిగేవి.

సాయంత్రం అతను వీధి చివరి నుంచి నాలుగు మూరల మల్లెపూలు తెచ్చాడు. తడి ఆకులో చుట్టిన పొట్లాన్ని తల్లి కంట పడకుండా చొక్కా లోపల, ఎడమవైపు దోపుకుని, జారిపోకుండా అరచేత్తో అదిమిపట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. వేసవి ఎండకు తోడు అబద్ధం చెప్పబోతున్నానన్న కంగారు. ముఖం నిండా చెమటలు. పద్మావతమ్మ వసారాలోనే కూర్చుని ఉంది.

ఎక్కడికిరా తయారవుతున్నారు అని ఆవిడ అడిగింది. రామతులసికి తలనొప్పిగా ఉంటోంది, డాక్టరుకు చూపించుకొస్తానన్నాడు. ఆదివారంపూట ఏ డాక్టరుంటాడని ఆవిడ అడిగింది. ఇది అతను ఆలోచించుకోలేదు. మద్రాసు నుంచి స్పెషలిస్టొచ్చాడని నోటికొచ్చింది చెప్పేశాడు. ఆవిడ కొడుకు ముఖం వంక చూసింది. గుండె మీద అదిమిపట్టుకున్న చేతి వంక చూసింది. లోపల గదిలో తలనొప్పి మనిషి కూనిరాగం తీస్తూ జడ వేసుకోవడం ఆవిడకు వినపడుతూనే ఉంది. మూడో ప్రశ్న అడగలేదు. "జాగ్రత్త నాన్నా," అని మాత్రం అంది.

తల్లి ఇంత సులువుగా వదిలిపెట్టినందుకు హనుమయ్య స్కూటరు మీద బెంజ్ సర్కిల్ దాటేదాకా ఆశ్చర్యపోతూనే ఉన్నాడు.

హోటలు లోపల చల్లగా, మసకగా, గుళ్ళో ఉన్నంత నిశ్శబ్దంగా ఉంది. వీళ్ళు తప్ప మనిషి లేడు. యజమాని తెల్లకోటు తొడుక్కుని తానే ఎదురొచ్చాడు. ఆయన చైనా మనిషి, పేరు చెన్. మద్రాసులో పుట్టి పెరిగినవాడు కనుక అరవయాసలో తెలుగు దివ్యంగా మాట్లాడతాడు. పటమటవాళ్ళు అప్పటికే ఆయన్ను చెన్నయ్య గారిని చేసేశారు. హోటలు తెరిచి నెలయినా జనం తలుపు దాకా వచ్చి, లాంతర్లు చూసి, పాములు గుర్తొచ్చి వెనక్కి పోతున్నారని ఆయన దిగులు. అందుకని ఈ దంపతులను పెళ్ళివారిని చూసుకున్నట్టు చూసుకున్నాడు. తమది దక్షిణ చైనాలోని కాంటన్ వంట అనీ, ఇందులో మసాలా దట్టించడం ఉండదనీ, చేపను చేపలాగే ఆవిరి మీద ఉడికిస్తామనీ చెప్పి, మంచి కొరమేను వచ్చింది, చేయించనా అని అడిగాడు.

అతను చొక్కాలోంచి తీసిచ్చిన మల్లెపూలు రామతులసి అద్దం ముందు తురుముకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ కొంతసేపు గుసగుసలాడుకున్నారు. తర్వాత, చుట్టూ వినేవాళ్ళెవరూ లేరు గదా, గుసగుసలెందుకని ఆమెకే తోచి నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ తర్వాత ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. చిన్నప్పుడు అవనిగడ్డలో పడవ తిరగబడిన సంగతి, టైపు నేర్చుకోవాలని ఉన్న సంగతి, పెళ్ళిచూపుల్లో అతని మీసం చూసి భయపడిన సంగతి. తన భార్యకు ఇన్ని మాటలు వచ్చునని హనుమయ్యకు అప్పుడే తెలిసింది. చైనా పుల్లలతో అన్నం ఎత్తబోయి ఆమె ఒళ్ళో పోశాడు. అయినా ఎంతో సుఖంగా ఉంది.

ఆ సుఖంలోనే పొరపాటు చేశాడు. బల్ల మీద చిన్న గిన్నెలో పసుపుపచ్చగా ఏదో ముద్ద ఉంది. చప్పటి భోజనానికి ఇదేదో పచ్చడి కాబోలనుకుని చెంచా నిండా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అది ఒట్టి ఆవముద్ద. అది గొంతులోకి పోలేదు, నేరుగా ముక్కులోంచి నడినెత్తికి పోయింది. కళ్ళు మూతలుపడ్డాయి. నీళ్ళు ధారలు కట్టాయి. రొమ్ము పట్టుకుని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. రామతులసి మెనూ అట్టతో విసరడం మొదలుపెట్టింది. చెన్ గారు పరుగున వచ్చి వీపు మీద చరచసాగాడు.

ఈ లోపల పటమటలో జరిగింది హనుమయ్యకు తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది.

కొడుకు జబ్బులు దాచుకునే రకమని పద్మావతమ్మ అతని చిన్నప్పటినుంచీ ఎరుగును. తలనొప్పి కోడలిది కాదు, గుండెనొప్పి కొడుకుది అని వసారాలోనే తేల్చేసుకుంది. పక్కింటి అమలమ్మ దగ్గరికి వెళ్ళింది. అమలమ్మ నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఆచితూచి మాట్లాడుతుంది. ఎడమవైపేనా అండీ అని ఒకసారి, చెమటలు పట్టాయా అండీ అని ఒకసారి అడిగి, ఆపైన ఏమీ అనకుండా శిలువ గుర్తు వేసుకుంది. ఏమైనా అని ఉంటే బాగుండేది. పద్మావతమ్మ చెప్పులైనా వేసుకోకుండా కబురు పంపడానికి వీధిలోకి పరుగెత్తింది.

కబురు కృష్ణలంకలో ఉన్న అల్లుడు వెంకటకృష్ణారావుకు చేరింది. ఆయన తాలూకా ఆఫీసులో హెడ్ గుమస్తా. ఆపద ఎవరికి వచ్చినా దాన్ని తన చేతుల్లోకి తీసుకునేదాకా ఊరుకోలేడు. భార్యను, అంటే హనుమయ్య అక్కను, వెంటబెట్టుకుని రిక్షాలో వచ్చి, ఆటోనగర్‌కు మనిషిని పంపి, షెడ్డులోవాళ్ళను రప్పించాడు. వాళ్ళు ఊరికే రాలేదు, బాగుచేయడానికి వచ్చిన లారీ వేసుకుని పదిమందీ ఎక్కి వచ్చారు. పద్మావతమ్మను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. అమలమ్మ కూడా ఎక్కింది.

మొదట దొరికిన నర్సింగ్ హోములో వాచ్‌మన్, గుండెనొప్పి కేసు ఒకటి సాయంత్రం వచ్చిందనీ, లాభం లేదని గుంటూరు పంపించేశారనీ చెప్పాడు. ఆ రోగి పేరేమిటని అడగాలని ఎవరికీ తోచలేదు. హనుమయ్య అక్క బావురుమంది. వెంకటకృష్ణారావు లారీని గుంటూరు తిప్పమన్నాడు. గుంటూరు దాకా పోవాలంటే డీజిల్ లేదన్నాడు డ్రైవరు. డీజిల్ పోయించుకోవడానికి బందరు రోడ్డులో బంకు దగ్గర ఆగారు. ఎదురుగా ఎర్ర లాంతర్ల కింద హనుమయ్య స్కూటరుంది. వెనక మడ్‌గార్డు మీద లారీ పెయింటరు రాసిన 'సౌండ్ హారన్' చూసి షెడ్డువాళ్ళు గుర్తుపట్టారు.

తలుపు మీద చైనా అక్షరాలే తప్ప హోటలన్న మాట లేదు, అది చూసి పద్మావతమ్మ సందేహించింది. వెంకటకృష్ణారావు సందేహం తీర్చాడు. చైనావాళ్ళు సూదులు గుచ్చి ఎలాంటి జబ్బయినా నయం చేస్తారట, తాను పత్రికలో చదివాడు, మద్రాసు స్పెషలిస్టంటే వీడే అయ్యుంటాడన్నాడు.

తలుపు తోసుకుని పదిహేనుమంది లోపలికి వచ్చేసరికి అక్కడ కనపడిన దృశ్యం ఆయన మాటను నూటికి నూరుపాళ్ళూ బలపరిచింది. చల్లటి మసక గది. కళ్ళు మూసుకుని రొమ్ము పట్టుకున్న హనుమయ్య. పక్కన ఏడుపు ముఖంతో విసురుతున్న భార్య. వీపు చరుస్తున్న తెల్లకోటు చైనా మనిషి. బల్ల మీద రెండు పొడుగాటి పుల్లలు.

"ఇంత లావు సూదులా," అని అక్క అక్కడే కూలబడింది.

పద్మావతమ్మ వెళ్ళి చెన్ గారి రెండు చేతులూ పట్టుకుంది. "బాబూ, వాడొక్కడే కొడుకయ్యా నాకు. ఎట్లాగైనా నిలబెట్టు."

చెన్ గారు కంగారుపడి హనుమయ్యనూ, ఆవిడనూ, తలుపు దగ్గర నూనె చేతులతో నిలబడ్డ మనుషులనూ చూశాడు. "అమ్మా, ఆయనకు ఒకటీ లేదు. ఆవాలమ్మా. ఒట్టి ఆవాలు."

ఆవాలతో వైద్యమేమిటని అమలమ్మ వెంకటకృష్ణారావును అడిగింది. ఆయన, అది వాళ్ళ పద్ధతన్నాడు.

హనుమయ్యకు కళ్ళు తెరుచుకున్నాయి. ఎదురుగా తల్లి ఉంది. పరుగులో ముడి ఊడిపోయి జుట్టు భుజాల మీద పడింది. కాళ్ళకు చెప్పులు లేవు. అతనికి అప్పటిదాకా నవ్వులాటగా కనపడిన అబద్ధం ఒక్కసారిగా బరువైపోయింది. ఇంకో అబద్ధంతో దీన్ని దాటేయవచ్చు. ఆవాల వైద్యమని బావగారు దారి కూడా చూపించాడు. రామతులసి అతని వంకే చూస్తోంది.

"నాకే జబ్బూ లేదమ్మా," అన్నాడు. "ఇది హోటలు. మేమిద్దరం భోజనానికొచ్చాం."

పద్మావతమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. చాలాసేపు ఊపిరి పీల్చుకుంది. కొడుకు బతికే ఉన్నాడన్నది ముందు లోపలికి దిగాలి, కోపం ఆ తర్వాత రావాలి. అది వచ్చాక ఆవిడ కోడలి వైపు తిరిగింది.

"వాడికి బుద్ధి లేదనుకో. నువ్వన్నా ఒక మాట చెప్పకూడదుటమ్మా?"

రామతులసి తల వంచుకునే జవాబు చెప్పింది. "మీరు ఎన్నడూ ఎక్కడికీ సరదాకని వెళ్ళి ఎరగరు గదత్తయ్యా. మేం వెళ్తామని మీ ముందర ఎట్లా అనను?"

ఆ మాట నిజమే. పోయిన భర్త పద్మావతమ్మకు ఒక్కసారి గన్నవరంలో విమానం చూపిస్తానన్నాడు. అదీ జరగలేదు. కోడలి జడలో మల్లెపూలు చూసింది, కొడుకు చొక్కా మీద ఎడమవైపున్న తడి మరక చూసింది. విషయం అర్థమై ముఖం పక్కకు తిప్పుకుంది. ఆవిడ నవ్వుతోందని అమలమ్మ ఒక్కతే గమనించింది.

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి కొరమేను వచ్చింది. వెడల్పాటి పళ్ళెంలో అల్లం ముక్కలు, ఉల్లికాడలు చల్లుకుని, పొగలు కక్కుతూ. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చెన్ గారు అందరికంటే పెద్దావిడ ముందు పెట్టాడు. పద్మావతమ్మ అది పామా చేపా అన్నది ముందు తోక దగ్గర తేల్చుకుంది. తర్వాత చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది. ఇంకొకటి తుంచింది. తరువాత ఎవరితోనూ మాట్లాడకుండా చేపను ముల్లు కనపడేదాకా తిన్నది.

"కారం లేదేమత్తయ్యగారూ," అన్నాడు వెంకటకృష్ణారావు.

"లేకపోవడమే హాయిగా ఉంది," అంది ఆవిడ. "రెండేళ్ళ నుంచి కారం తగిలితే కడుపులో నిప్పులు పోసినట్టుంటోంది. చెప్తే కోడలు పిల్ల నాకోసం వేరే వండాలి. ఎందుకులెమ్మని మింగుతున్నా."

రామతులసి విసురుతున్న అట్ట ఆపేసింది. హనుమయ్య, డాక్టరుకు ఎందుకు చూపించుకోలేదని అడగబోయి, ఆ ప్రశ్న అడిగే మొహం తనకు లేదని గ్రహించి ఊరుకున్నాడు. రామతులసి లేచి వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుని, ఇది ఎట్లా వండుతారో చెప్పమని చెన్ గారిని అడిగింది. ఆయనకు అంతకంటే కావలసింది లేదు. ఇద్దరినీ వంటింట్లోకే తీసుకువెళ్ళాడు. ముగ్గురూ చాలాసేపు బయటకు రాలేదు.

షెడ్డువాళ్ళు ఎలాగూ వచ్చాం గదా అని కూర్చున్నారు. బయట బంకు దగ్గర ఆగిన జనం, వీధిలో లారీనీ అద్దాల్లోంచి నిండిన బల్లలనూ చూసి, ఇక్కడ తిండి అంత బాగుంటుందా అని ఒక్కొక్కరే లోపలికి రాసాగారు. వెంకటకృష్ణారావు తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకు పాములు ఉండవని స్వయంగా హామీ ఇచ్చాడు. చెన్ గారు వంటింట్లోంచి తొంగిచూసి, ఖాళీ కుర్చీ ఒక్కటి కూడా లేకపోవడం చూసి, తెల్లకోటు చేత్తో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆవాలు తగిలాయన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో పద్మావతమ్మకు చప్పటి వంట మొదలైంది. రామతులసి టైపు క్లాసుకు పోతానంటే ఆవిడ ఎప్పుడొస్తావని మాత్రం అడిగింది. ఇక అంతా కుదుటపడ్డట్టే అనుకుని హనుమయ్య మరుసటి ఆదివారం పొద్దునే, ఈసారి దాపరికం లేకుండా, సాయంత్రం చైనా హోటలుకు వెళ్తున్నామమ్మా అని చెప్పాడు.

"నువ్వెందుకురా," అంది పద్మావతమ్మ. "రిక్షా ఇద్దరికే మాట్లాడాం."

సాయంత్రం అత్తాకోడళ్ళు ఇద్దరూ తలలో పూలు తురుముకుని ఒకరు, చేతిలో విసనకర్ర పట్టుకుని ఒకరు రిక్షా ఎక్కారు. మలుపు తిరిగేముందు ఎవరో ఒకరు వెనక్కి తిరిగి, పెరుగు ఉట్టి మీద ఉందని చెప్పారు.