ఇసుకలో మేనేజరుగారి పిల్లలు

ఆ ఆదివారం పొద్దున బైలప్ప పెట్టుకున్న పని ఒక్కటే. మేనేజరు మధుకుమార్ గారి చేపల తొట్టిలో ఇసుక పోయడం.

తిరుమణి సోలార్ పార్కులో ఒక కంపెనీ గెస్ట్‌హౌస్‌కు బైలప్ప కాపలాదారు. అతని భార్య ఓబక్క అక్కడే వంట చేస్తుంది. వాళ్ళ వేరుశనగ చేను ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. ఈ ఉద్యోగం పోతే తిరిగివెళ్ళి దున్నుకోవడానికి జానెడు నేల లేదు. అందువల్ల బైలప్ప మేనేజరుగారి కారు హారను విన్నా లేచి నిలబడేవాడు.

మేనేజరుగారికి ఆ తొట్టి ప్రాణం. అందులో ఉండేవి సముద్రపు చేపలు. ఉప్పు కలిపిన నీళ్ళలో, మూడేళ్ళుగా ఒక్కటి కూడా చావకుండా సాకుతున్నారు. ఆయన వాటిని చేపలు అనరు, "మా పిల్లలు" అంటారు. బైలప్ప, ఓబక్క కూడా అలాగే అలవాటు పడ్డారు. వేసవి సెలవులకు వచ్చిన అసలు పిల్లలిద్దరినీ బెంగళూరులో తల్లి దగ్గర దించడానికి ఆయన ఆ రోజు తెల్లవారకముందే కారులో బయలుదేరారు. వెళ్తూ వెళ్తూ ఇసుక మూటలు చూపించారు.

"తొట్టి అడుగున ఇప్పుడు ఇసుక పలచగా ఉండాది. జానెడు మందం కావల్ల. అప్పుడే నీళ్ళు తమంతట తామే శుభ్రమవుతాయి. కానీ ఇసుకను బాగా కడుగు. పైపులోంచి నిదానంగా దించు. ఈరోజు కొంచెమే పొయ్యి, మిగిలింది వచ్చే వారం చూద్దాం."

బైలప్ప రెండు బక్కెట్ల నీళ్ళతో ఇసుక కడిగాడో లేదో ఓబక్క కేకలేసింది.

"ట్యాంకరు వచ్చి నాలుగు దినాలాయ. తాగేదానికి నీళ్ళు లేకుంటే నువ్వు ఇసుకకు స్నానం పోస్తా ఉండావా?"

ఆమెకు భయపడి కడగడం ఆపేశాడు. పని సగంలో ఉంటే సారు ఏమంటారోనని భయపడి మూటలన్నీ ఒకేసారి తొట్టిలోకి దించేశాడు. క్షణంలో తొట్టి మజ్జిగ కుండలా తెల్లబడింది. చేపలు లేవు, రాళ్ళు లేవు, ఏమీ లేవు.

గంట తర్వాత నీళ్ళు కాస్త తేటపడ్డాయి. నల్ల చారల చేపలు రెండూ కనిపించాయి. నీలం చేప కనిపించింది. మేనేజరుగారికి అన్నిటికన్నా ఇష్టమైన పసుపుపచ్చ జంట మాత్రం లేదు. గాజుకు ముక్కు ఆనించి చూస్తున్న ఓబక్క గట్టిగా అరిచింది.

"అయ్యో, ఇసుకలో పచ్చ తోక కనపడినాది! ఇప్పుడే లోపలికి పాయ!"

"పూడ్చి సంపేసినానే! సారుకు నేనేం చెప్పేది?" బైలప్ప నేలమీద కూలబడ్డాడు.

సారుకు ఫోను చేసే ధైర్యం ఇద్దరికీ లేదు. ఓబక్క ఆలోచించి గేటు దగ్గరి సెక్యూరిటీ సూపర్‌వైజరు శివరాజుకు చేసింది. ఏడుపులో ఆమె మాటలు సగమే బయటికి వచ్చాయి.

"శివరాజప్పా, సారు పిల్లోళ్ళు ఇద్దరూ ఇసుకలో పూడిపోయినారు! మా ఆయప్ప చేతులారా చేసినాడు! సారుకు నువ్వే చెప్పప్పా!"

శివరాజు డ్యూటీకి వచ్చింది ఎనిమిదింటికి. కారులో పిల్లలు వెళ్ళిన సంగతి అతనికి తెలియదు. కాంపౌండు గోడ కట్టడానికి గెస్ట్‌హౌస్ వెనక ముందు రోజే రెండు టిప్పర్ల ఇసుక పోశారని మాత్రం తెలుసు. ఆ కుప్ప మీద పిల్లలు ఆడుకోవడం తన కళ్ళతో చూశాడు. వెంటనే మేనేజరుకు ఫోను చేశాడు.

"సార్... ఎట్ల చెప్పల్లో తెలీలేదు... మీ పిల్లలు ఇసుకలో పూడిపోయినారంట సార్!"

మధుకుమార్ గారి పిల్లలు వెనక సీటులో నిద్రపోతున్నారు. ఆయనకు వెంటనే చేపలు గుర్తొచ్చాయి. నవ్వారు.

"ఎవరు, పచ్చోళ్ళిద్దరేనా? ఏం కాదు శివరాజూ. బెదిరితే ఇసుకలో దూరి పండుకొంటారు. ఆకలైతే వాళ్ళే బయటికొస్తారు. ఎవరూ తవ్వద్దండి. తవ్వితే సచ్చిపోతారు."

శివరాజుకు నిన్నటి సంగతి గుర్తొచ్చింది. ఆ పిల్లలు నిన్న పసుపుపచ్చ చొక్కాలే వేసుకున్నారు. కన్నతండ్రి నవ్వుతున్నాడు, తవ్వద్దంటున్నాడు! బైలప్ప చేతులారా చేశాడంటే చేయించినవాడు ఎవరో తేలిపోయింది. శివరాజు సైరను మీట నొక్కేసి పోలీసులకు ఫోను చేశాడు.

సైరను మోత పలకల మధ్య పనిచేస్తున్న వాళ్ళందరికీ వినిపించింది. చేతికందిన పారలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. కాలువ తీస్తున్న జేసీబీ వచ్చింది. అంబులెన్సు వచ్చింది. ఇసుక కుప్పను పారలతో, గంపలతో, చేతులతో తవ్వారు. ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారు. ఒకాయన ఇదంతా ఫోనులో తీసి కంపెనీ గ్రూపులో పెట్టాడు. కుప్ప నేలమట్టమైంది గానీ పిల్లల చెప్పు కూడా దొరకలేదు.

లోపల తలుపు మూసుకున్న బైలప్పకు సైరను, జేసీబీ, పోలీసు జీపు ఒక్కొక్కటే వినిపించాయి. రెండు చేపలకు ఇంత శిక్షా అనుకున్నాడు. ఎస్సై తలుపు తోసుకొచ్చేసరికి అతను ఇసుకలో చేపల కోసం వెతికి వెతికి మోచేతుల దాకా తడిసి, చేతిలో గరిటెతో తొట్టి ముందు నిలబడి ఉన్నాడు.

"పిల్లోళ్ళు యాడ?" ఎస్సై గర్జించాడు.

"ఈడే సార్... దీంట్లోనే." బైలప్ప వణుకుతూ తొట్టిని చూపించాడు.

ఎస్సై ముఖం పాలిపోయింది. గరిటెను చూశాడు, తొట్టిని చూశాడు.

"ఇద్దరినీనా?"

"ఇద్దరినీ సార్. కావల్లని చేయలేదు. సారు చెప్పినట్లే ఇసుక పోసినా."

అప్పుడే ఇసుక కదిలింది. ఒక పసుపుపచ్చ తల బయటికి వచ్చింది, దాని పక్కనే ఇంకొకటి. రెండూ ఒళ్ళు విదిలించుకుని, ఎస్సై ముఖానికి ఎదురుగా వచ్చి నోళ్ళు తెరిచాయి.

"వచ్చినారు! పిల్లోళ్ళు వచ్చినారు!" ఓబక్క చేతులెత్తి మొక్కింది. బైలప్ప గోడకు జారబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

విషయం అర్థమయ్యాక ఎస్సై నెమ్మదిగా తన వెనకే లోపలికి వచ్చిన శివరాజు వైపు తిరిగాడు. ఇప్పుడు వణకడం శివరాజు వంతయింది. దొంగ కబురుకు కేసు, ఉద్యోగం పోవడం, రెండూ అతని కళ్ళముందు కదిలాయి. అదే సమయానికి ఫోను మోగింది. బెంగళూరు హెడ్డాఫీసులో భద్రత చూసే పెద్దాయన.

"శివరాజూ, గ్రూపులో వీడియో చూసినాను. రెండేళ్ళుగా ప్రమాద రక్షణ రిహార్సల్ చేయండి అని మొత్తుకొంటే ఎవరూ చేయలేదు. మీరు చెప్పకుండానే చేసినారే! జేసీబీ, అంబులెన్సు, పోలీసులు అందరూ వచ్చినారు. ఆ ఆడోళ్ళ ఏడుపు చూస్తే నిజమే అనిపించినాది!"

శివరాజు ఎస్సై ముఖం చూశాడు. ఎస్సై టోపీ సరిచేసుకున్నాడు.

"అవును సార్," అన్నాడు శివరాజు. "రిహార్సలే సార్."

రిహార్సల్ ఆలోచన బైలప్పదేనని శివరాజు హెడ్డాఫీసుకు చెప్పడంతో వారం తిరక్కుండా అతనికి శాలువా కప్పారు. కప్పినవారు మధుకుమార్ గారే. వచ్చే నెల అగ్ని ప్రమాదం రిహార్సల్ ఉందని, దాన్ని కూడా బైలప్ప చేతుల మీదుగానే జరిపించాలని హెడ్డాఫీసు కోరిందని ఆయన మైకులో ప్రకటించారు.

ఓబక్క సభ ముగిసేదాకా ఆగలేదు; వంటింట్లోకి వెళ్ళి అగ్గిపెట్టెలన్నీ దాచేసింది.